జిల్లేడు బంధువర్గం: పాలపేర్ల నుండి మైటోకాండ్రియా జన్యుపటం దాకా

వ్యాససంగ్రహం

జిల్లేడుకు దగ్గరి చుట్టాలేవి అన్న ప్రశ్నకు గడచిన రెండు శతాబ్దాల పైచిలుకు కాలంలో పలు సమాధానాలు వచ్చాయి. తెలుగువారు పాలను చూసి పేర్లు పెట్టారు. రాబర్ట్ బ్రౌన్ పరాగపుంజాలను చూసి కుటుంబాన్ని విడదీశాడు. హరితరేణువుల డి.ఎన్.ఎ. చదివినవారు విడిపోయిన కుటుంబాన్ని తిరిగి కలిపారు. ఇటీవల మైటోకాండ్రియా జన్యుపటాల క్రమనిర్ధారణ మరో సాక్ష్యాన్ని ముందుకు తెచ్చింది. ఈ సాక్ష్యాల చరిత్రను తిరువూరు ప్రాంతపు జిల్లేడు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేర్వేరుగా పుట్టిన పోలికలను బంధుత్వంగా భావించే ప్రమాదం ప్రతి దశలోనూ ఉందని, మైటోకాండ్రియా దశ కూడా దీనికి మినహాయింపు కాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జిల్లేడు, కలోట్రోపిస్, అపోసైనేసీ, ఆస్క్లిపియడేసీ, మైటోకాండ్రియా జన్యుపటం, రాక్స్‌బర్గ్, రాబర్ట్ బ్రౌన్, వర్గీకరణ చరిత్ర

1. ఉపోద్ఘాతం

విజయవాడ వైపు నుండి మైలవరం మీదుగా భద్రాచలం వెళ్ళే జాతీయ రహదారి తిరువూరు దాటాక తెలంగాణలో ప్రవేశిస్తుంది. చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉన్న తిరువూరు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైంది. ఈ మెట్టప్రాంతంలో రోడ్డు అంచున, బీడుభూముల్లో, పాడుబడ్డ గోడల పక్కన ఎవరూ నాటకుండానే ఎదిగే పొద జిల్లేడు. పశువులు దీని జోలికి పోవు. రథసప్తమినాడు స్నానానికి దీని ఆకులు కావాలి. వినాయక చవితి పత్రిలో అర్కపత్రం ఇదే. వైద్యంలో దీని ఆకు, పాలు, వేరుబెరడు వాడుకలో ఉన్నాయి. జిల్లేళ్లమూడి వంటి ఊరిపేర్లలో కూడా ఈ పొద నిలిచి ఉంది.

ఇంతగా తెలిసిన మొక్కకు శాస్త్రంలో స్థిరమైన కుటుంబం మాత్రం చాలాకాలం లేదు. మన డిగ్రీ తరగతుల్లో తరాల తరబడి దీన్ని ఆస్క్లిపియడేసీ కుటుంబానికి ప్రతినిధిగా బోధించాం. నేటి పరిశోధన పత్రాల్లో అదే మొక్క అపోసైనేసీ కుటుంబంలో కనిపిస్తుంది. విద్యార్థి ఈ తేడా గురించి అడిగితే "పాత వర్గీకరణ తప్పు, కొత్తది ఒప్పు" అని చెప్పి ముందుకు సాగడం సులభమే. కానీ చరిత్ర అంత సులభమైన సమాధానాన్ని సమర్థించదు.

2. పాలపేర్లు

తెలుగులో "పాల" అన్న మాట చేరిన మొక్కల పేర్లు ఒకచోట చేర్చి చూస్తే ఒక ఆసక్తికరమైన వరుస ఏర్పడుతుంది. కొడిశపాల, ఏడాకులపాల, సుగంధిపాల, వెర్రిపాల. వీటిలో మొదటి రెండూ చెట్లు, చివరి రెండూ తీగలు. బెంథామ్, హుకర్ల పద్ధతి ప్రకారం మొదటి రెండూ అపోసైనేసీకి, చివరి రెండూ ఆస్క్లిపియడేసీకి చెందుతాయి. ఆకారం చూస్తే వీటిని ఒక జట్టులో చేర్చాలని ఎవరికీ తోచదు. అయినా నేటి వర్గీకరణలో నాలుగూ ఒకే కుటుంబం.

దీన్నిబట్టి మన పూర్వులు ఆధునిక వర్గీకరణను ముందే గ్రహించారని చెప్పాలనే ఉత్సాహం కలుగుతుంది. ఆ వాదం నిలవదు. పాల చెట్టు అని మనం పిలిచే, తియ్యని చిన్న పండ్లనిచ్చే వృక్షం సపోటా కుటుంబానిది. దానికీ పాలున్నాయి, పేరూ ఉంది, బంధుత్వం మాత్రం లేదు. మరోవైపు జిల్లేడుకు నిజంగా చుట్టమైన ఒక ఆకుల్లేని తీగను తెలుగువారు రాక్స్‌బర్గ్‌కు "తీగజెముడు" అని చెప్పారు. అంటే దాన్ని బ్రహ్మజెముడు, ఆకుజెముడుల సరసన నిలిపారు. మందమైన కాండం, ఆకులు లేకపోవడం ఇక్కడ పాలకంటే బలమైన గుర్తు అయ్యాయి. ఆ కుటుంబంలోకెల్లా బాగా పాలు కారే జిల్లేడు పేరులోనేమో "పాల" లేనేలేదు.

జనం పెట్టిన పేర్లు వాడుకను, చూపును, స్పర్శను నమోదు చేస్తాయి. పాలు కారే గుణం వృక్షప్రపంచంలో ఒక్కసారి పుట్టింది కాదు. సపోటా కుటుంబంలో, ఆముదపు కుటుంబంలో, అపోసైనేసీలో అది విడివిడిగా ఏర్పడింది. కనుక పాలపేర్లు కొన్నిచోట్ల బంధుత్వాన్ని పట్టుకున్నాయి, మరికొన్నిచోట్ల జారవిడిచాయి. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి శాస్త్రజ్ఞుల తడబాట్లు కూడా అర్థమవుతాయి.

3. సామర్లకోట, లండన్

జిల్లేడు ఐరోపా గ్రంథాల్లోకి తెలుగుదేశం నుండి మొదట పోలేదు. 17వ శతాబ్ది చివరలో వెలువడిన హోర్టస్ మలబారికస్‌లో అది మలయాళ నామమైన "ఎరికు" పేరుతో ఉంది. 1753లో లిన్నేయస్ దానికి ఆస్క్లిపియాస్ జైజాంటియా అని పేరుపెట్టాడు. అమెరికా ఖండపు పాలమొక్కలున్న ప్రజాతిలోనే దీన్నీ చేర్చాడు.

లిన్నేయస్ శిష్యుడు జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పటికి సామర్లకోటలో వైద్యుడిగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆయన కృషిని అందిపుచ్చుకున్నాడు. 1776లో మద్రాసు చేరిన రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో ఉండి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళేవరకు ఉత్తర సర్కారుల వృక్షాలను వర్ణిస్తూ, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల నుండి ఎంపిక చేసిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుండి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. చిత్రకారుల్లో చాలామంది పేర్లు గ్రంథంలో చేరలేదు. మొక్కల తెలుగు పేర్లు మాత్రం చేరాయి. మన మొక్కలకు తెలుగులో ఏ పేర్లుండేవో తెలుసుకోవడానికి ఇది అరుదైన ఆధారం. భాషాశాస్త్ర పరిశోధకులు దీన్ని ఇంకా తగినంతగా వాడుకోలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రాక్స్‌బర్గ్ పాలతీగల్లో చాలావాటిని లిన్నేయస్ బాటలో ఆస్క్లిపియాస్ ప్రజాతిలోనే ఉంచాడు. తీగజెముడుకు ఆస్క్లిపియాస్ అసిడా అని, సుగంధిపాలకు ఆస్క్లిపియాస్ సూడోసార్సా అని పేర్లు పెట్టాడు. ఆయన గ్రంథప్రచురణను లండన్‌లో పర్యవేక్షించింది జోసెఫ్ బ్యాంక్స్. అదే బ్యాంక్స్ గ్రంథాలయంలో, ఎండుమొక్కల సేకరణలో పనిచేసినవాడు రాబర్ట్ బ్రౌన్.

బ్రౌన్ 1809 నవంబరులో ఎడిన్‌బరోలోని వెర్నేరియన్ ప్రకృతిశాస్త్ర సంఘంలో చదివించి, 1810లో అచ్చువేసిన వ్యాసం ఈ చరిత్రలో మొదటి మలుపు. 1789లో జుస్సియూ ఏర్పరచిన అపోసైనే వర్గం నుండి ఆస్క్లిపియడే అనే కొత్త వర్గాన్ని ఆయన వేరుచేశాడు. ఆధారం పువ్వు నిర్మాణం. జిల్లేడు పువ్వు మధ్యలో ఐదు మూలల బిళ్ళలాంటి భాగం కనిపిస్తుంది. అక్కడ కేసరాలు, కీలాగ్రం ఒకటిగా అతుక్కొని ఉంటాయి. పుప్పొడి గన్నేరులోలాగా పొడిగా రాలదు. ముద్దకట్టి పరాగపుంజంగా మారుతుంది. పక్కపక్కనున్న రెండు పరాగకోశాల పుంజాలను ఒక నల్లని చిన్న గ్రంథి కలుపుతుంది. పురుగు కాలు ఆ గ్రంథిలో చిక్కుకుంటే రెండు పుంజాలూ త్రాసు తట్టల్లా వేలాడుతూ దానితోపాటు వెళ్తాయి. గ్రంథి, పుంజాలు మొగ్గదశలో విడివిడిగా ఉండి తరువాత కలుస్తాయని బ్రౌన్ గుర్తించాడు. ఈ గుర్తింపునకు ఆయన పరిశీలించిన మొగ్గలు అమెరికా పాలమొక్క ఆస్క్లిపియాస్ సిరియాకావి. ఆ పేరు ఈ వ్యాసంలో మళ్ళీ వస్తుంది.

కలోట్రోపిస్, హెమిడెస్మస్, టైలోఫోరా, జిమ్నీమా, సార్కోస్టెమ్మా, హోలరీనా, రైటియా, ఆల్‌స్టోనియా ప్రజాతులన్నీ బ్రౌన్ ఈ ఒక్క వ్యాసంలోనే ఏర్పరచాడు. మన వాడుకలో చెప్పాలంటే జిల్లేడు, సుగంధిపాల, వెర్రిపాల, పొడపత్రి, తీగజెముడు, కొడిశపాల, పాలకొడిశ, ఏడాకులపాల మొక్కల ప్రజాతినామాలు ఒకే వ్యాసం నుండి వచ్చాయి. పాలపేర్లతో తెలుగువారు కట్టిన జట్టులో అధికభాగాన్ని ఒకేచోట పరిశీలించి, సరిగ్గా దాని మధ్యలో గీత గీసినవాడు బ్రౌన్.

ఇదే మొక్కలు ఆయనను మరోచోటికి కూడా చేర్చాయి. ఆర్కిడ్లలో, ఆస్క్లిపియడేలో ఫలదీకరణ ఎలా జరుగుతుందో పరిశీలిస్తూ 1831లో లిన్నేయన్ సొసైటీలో చదివిన వ్యాసంలోనే ఆయన కణం లోపలి గుండ్రని భాగానికి కేంద్రకం అన్న పేరు స్థిరపరచాడు. జీవకణంలో జన్యుపదార్థం ఉండే మొదటి చోటుకు పేరు దొరికింది ఈ మొక్కల అధ్యయనంలోనే. మిగిలిన రెండుచోట్ల సంగతి తేలడానికి మరో నూరేళ్ళకు పైగా పట్టింది.

4. విడదీసిన కుటుంబం కలిసిన తీరు

బ్రౌన్ గీసిన గీతను బెంథామ్, హుకర్‌లు తమ ప్రజాతుల గ్రంథంలో అంగీకరించారు. హుకర్ బ్రిటిష్ ఇండియా వృక్షసంపద, 1915 నుండి 1936 వరకు వెలువడిన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద అదే అనుసరించాయి. మన కళాశాలల హెర్బేరియం బీరువాలు ఆ క్రమంలోనే సర్దుకున్నాయి.

1990 దశకంలో హరితరేణువుల జన్యువుల క్రమాలను పోల్చడం మొదలయ్యాక ఒక విషయం స్పష్టమైంది. ఆస్క్లిపియడేసీ మొక్కలు అపోసైనేసీ పక్కన నిలిచే వేరే కొమ్మ కావు. ఆ కుటుంబపు కొమ్మల మధ్య నుండి మొలిచిన రెమ్మలు. గన్నేరుకు బిళ్ళగన్నేరుకంటే జిల్లేడు దగ్గరి చుట్టం. అలాంటప్పుడు గన్నేరును, బిళ్ళగన్నేరును ఒక కుటుంబంలో ఉంచి జిల్లేడును బయట నిలిపితే, ఒకే మూలపురుషుని సంతతిలో కొందరిని వదిలేసి కుటుంబమని పిలిచినట్లవుతుంది. 1998లో ఆవృతబీజ వర్గీకరణ బృందం రెంటినీ అపోసైనేసీగా కలిపింది. 2000లో ఎండ్రెస్, బ్రూయిన్స్ ఆ విశాల కుటుంబాన్ని ఐదు ఉపకుటుంబాలుగా సవరించారు. జిల్లేడు ఆస్క్లిపియడాయిడీలో, సుగంధిపాల పెరిప్లోకాయిడీలో, బిళ్ళగన్నేరు రావుల్ఫియాయిడీలో చేరాయి.

బ్రౌన్ చూసినదాంట్లో ఏదీ దీనివల్ల అబద్ధం కాలేదు. పరాగపుంజం ఉంది, గ్రంథి ఉంది. మారింది కుటుంబం అన్న మాటకు నిర్వచనం. డార్విన్ గ్రంథానికి దాదాపు అర్ధశతాబ్ది ముందు రాసిన బ్రౌన్‌కు కుటుంబమంటే నిర్మాణసామ్యం. నేటివారికి అది ఒకే పూర్వికుని సంతతి మొత్తం. తరగతిగదిలో చెప్పవలసిన తేడా ఇదే.

అయితే బ్రౌన్ లెక్క ఒకచోట నిజంగానే సందేహంలో పడింది. సుగంధిపాల వర్గంలో పుప్పొడి నాలుగేసి రేణువుల గుంపులుగా ఉండి, గరిటెలాంటి చిన్న వాహకం మీద చేరుతుంది. బ్రౌన్ దీన్ని జిల్లేడు వైపు మెట్టుగా భావించి ఆస్క్లిపియడేలో కలిపాడు. 2018లో ఫిష్‌బైన్, సహపరిశోధకులు హరితరేణువుల జన్యుపటాల ఆధారంగా గీసిన వంశవృక్షంలో సుగంధిపాల వర్గం జిల్లేడు వర్గానికి అతిసమీపంలో లేదు. పుప్పొడి వాహకం ఈ కుటుంబంలో రెండుసార్లు విడివిడిగా పుట్టి ఉండవచ్చునన్నది దాని ఫలితార్థం. పాల విషయంలో జనానికి జరిగినదే వాహకం విషయంలో వృక్షశాస్త్రానికీ జరిగిందన్నమాట.

5. మైటోకాండ్రియా సాక్ష్యం

మైటోకాండ్రియాకు ఆ పేరు పెట్టింది 1898లో కార్ల్ బెండా. మొక్కల్లో వాటిని 1904లో మెవెస్ తెల్లకలువ కణాల్లో చూపాడు. వాటిలో డి.ఎన్.ఎ. ఉందని 1963లో మార్గిట్ నాస్, సిల్వన్ నాస్ దంపతులు కోడిపిండం కణాల్లో నిరూపించారు. మానవ మైటోకాండ్రియా జన్యుపటం 1981లో పూర్తయింది. అందులో ఉన్నవి 16,569 క్షారజంటలు మాత్రమే. మొక్కల వంతు వచ్చేసరికి లెక్క మారిపోయింది. 1992లో మార్కాంషియాలో సుమారు 1,87,000, 1997లో అరబిడాప్సిస్‌లో 3,66,924 తేలాయి. సైలీన్ కోనికా అనే మొక్కలో 2012లో కోటికి పైగా బయటపడ్డాయి. జన్యువుల సంఖ్య మాత్రం ఈ నిష్పత్తిలో పెరగలేదు. పెరిగినది పునరావృత భాగాలు, జన్యువుల మధ్య ఖాళీలు, బయటినుండి వచ్చి చేరిన తునకలు.

ఈ పరిమాణంకంటే విచిత్రమైనది మార్పు వేగం. 1987లో వోల్ఫ్, లీ, షార్ప్ లెక్కగట్టినదాని ప్రకారం మొక్కల మైటోకాండ్రియా జన్యువుల్లో అక్షరాలు మారే వేగం హరితరేణువుల్లోని వేగంలో మూడోవంతుకంటే తక్కువ. హరితరేణువుల వేగమేమో కేంద్రకపు వేగంలో సగం. మరుసటి ఏడాది పామర్, హెర్బన్ ఆవకుటుంబపు మొక్కలను పోల్చి, అక్షరాలు ఇంత నెమ్మదిగా మారే ఈ జన్యుపటంలోనే జన్యువుల అమరిక చాలా త్వరగా తారుమారవుతుందని చూపారు. పుస్తకంలో పదాలు మారవు, పుటల క్రమం మాత్రం ప్రతి ప్రతిలోనూ వేరు. ఈ రెండు లక్షణాలనూ కలిపి అర్థం చేసుకోకపోతే మైటోకాండ్రియా ఆధారంగా గీసిన వంశవృక్షాన్ని చదవడం కష్టం.

జిల్లేడు కుటుంబంలో ఈ పని జరిగిన ఔషధపొద రేజియా స్ట్రిక్టా. ఇది దక్షిణాసియా, పశ్చిమాసియాల పొడినేలల్లో పెరిగే, జానపదవైద్యంలో విస్తారంగా వాడే చిన్న పొద. ఉపకుటుంబం బిళ్ళగన్నేరుదే. 2014లో పార్క్, సహపరిశోధకులు దీని హరితరేణువు జన్యుపటాన్ని 1,54,841 క్షారజంటలుగా, మైటోకాండ్రియా జన్యుపటాన్ని 5,48,608 క్షారజంటలుగా నిర్ధారించారు. హరితరేణువు పటంలో జన్యువులు, వాటి వరుస పుష్పించే మొక్కల పూర్వరూపంలో ఉన్నట్లే ఉన్నాయి. మైటోకాండ్రియా పటం అలా లేదు. పునరావృత భాగాల వద్ద తెగి అతుక్కుంటూ అది పలు రూపాల్లో ఉంటుంది. హరితరేణువు నుండి, కేంద్రకం నుండి వచ్చిన తునకలు అందులో ఉన్నాయి. అందులో ఉండవలసిన ఎస్.డి.హెచ్.3, ఆర్.పి.ఎస్.14 అనే రెండు జన్యువులు కేంద్రకానికి తరలిపోయి, అక్కడి నుండి తమ ప్రోటీన్లను తిరిగి మైటోకాండ్రియాకు పంపే చిరునామాను సంపాదించుకున్నాయి.

ఆ పరిశోధకులు రేజియాతో కలిపి ఎనిమిది ఆస్టరిడ్ మొక్కల మైటోకాండ్రియా పటాలను పోల్చారు. ఆ రెండు జన్యువులూ కేంద్రకానికి పోవడం ఆస్టరిడ్లలో ఒక్కసారి జరిగిన సంఘటన కాదని, వేర్వేరు వంశాల్లో పలుమార్లు జరిగి ఉంటుందని వారి నిర్ణయం. ఈ వ్యాసానికి ఇది కీలకం. ఇద్దరి మైటోకాండ్రియాలో ఒకే జన్యువు లోపించినంతమాత్రాన వారు చుట్టాలని చెప్పలేం. రెండు మొక్కలకు పాలున్నంతమాత్రాన చెప్పలేనట్లే.

జిల్లేడుకు ఇంకా దగ్గరి సాక్ష్యం బ్రౌన్ మొగ్గలు కోసి చూసిన ఆస్క్లిపియాస్ సిరియాకా నుండే వచ్చింది. అది జిల్లేడుతోపాటు ఒకే ఉపతెగకు చెందిన మొక్క. దీని హరితరేణువు జన్యుపటంలో రెండు జన్యువుల మధ్య ఖాళీలో సుమారు 2,400 క్షారజంటల కొత్త తునక ఉందని, అది మైటోకాండ్రియా నుండి వచ్చినదని 2013లో స్ట్రౌబ్, సహపరిశోధకులు ప్రకటించారు. దిశను వారు నిర్ణయించిన తీరు సరళమైనది. దూరపు చుట్టాల హరితరేణువుల్లో ఆ తునక లేదు, పాలమొక్క మైటోకాండ్రియాలో దాని జోడీ ఉంది. డి.ఎన్.ఎ. హరితరేణువు నుండి బయటికి పోవడమే అంతవరకు సాధారణంగా కనిపించింది. లోపలికి రావడం క్యారట్ వంటి ఒకటిరెండు చోట్ల మాత్రమే తెలుసు. ఇలాంటి అరుదైన సంఘటన ఒక పూర్వికునిలో ఒకసారి జరిగి సంతతికి సంక్రమిస్తే, అది అక్షరాల లెక్కకంటే మంచి వంశచిహ్నం. పలుమార్లు జరిగే జన్యునష్టానికి ఆ విలువ లేదు. రెండూ మైటోకాండ్రియా సాక్ష్యాలే, కానీ న్యాయస్థానంలో ఇద్దరు సాక్షులకు ఒకే నమ్మకం ఇవ్వనట్లు, వీటినీ విడివిడిగా తూచాలి.

ఇక్కడ పరిశోధక విద్యార్థులు జాగ్రత్తపడవలసిన అంశం మరొకటి ఉంది. హరితరేణువులూ మైటోకాండ్రియా కూడా పుష్పించే మొక్కల్లో ఎక్కువగా తల్లివైపు నుండే సంక్రమిస్తాయి. కనుక రెండు వంశవృక్షాలు ఏకీభవించినంతమాత్రాన స్వతంత్రులైన ఇద్దరు సాక్షులు ఒకేమాట చెప్పినట్లు కాదు. సంకరం జరిగిందా లేదా తెలియాలంటే కేంద్రకాన్నీ చదవాలి. జిల్లేడు కేంద్రక జన్యుపటపు ముసాయిదా 2018లో సుమారు 15.7 కోట్ల క్షారజంటలతో వెలువడింది కాబట్టి ఆ ద్వారం ఇప్పుడు తెరిచే ఉంది. సిద్ధాంతగ్రంథాల్లో ఒక్క కణాంగం మీద గీసిన చెట్టును "మొక్క వంశవృక్షం" అని శీర్షిక పెట్టి ముగించే అలవాటును పర్యవేక్షకులు సవరించాలి.

6. రెండు జిల్లేళ్ళు

ఈ చర్చ తిరువూరు పొలంగట్టు మీదికి ఎలా చేరుతుందన్నది చివరి ప్రశ్న. తెలుగు వాడుకలో జిల్లేడు ఒకటే. శాస్త్రంలో ఆంధ్రదేశంలో పెరిగేవి రెండు జాతులు, కలోట్రోపిస్ జైజాంటియా, కలోట్రోపిస్ ప్రొసెరా. మొదటిదాని పూరేకులు విచ్చుకొని వెనక్కు వాలుతాయి. రంగు లేత ఊదా లేదా తెలుపు. రెండోదాని రేకులు గిన్నెలా నిలబడి, కొసల్లో ముదురు ఊదా మచ్చతో ఉంటాయి. కోస్తా జిల్లాల్లో విరివిగా కనిపించేది మొదటిది. భారత ఆయుర్వేద ఔషధసంహిత అర్క అన్న పేరుకు ఇచ్చిన జాతి మాత్రం ప్రొసెరా. తెల్లజిల్లేడు అని వైద్యులు కోరేది జైజాంటియాలో తెల్లపూల మొక్కనా, సంహిత చెప్పిన ప్రొసెరానా అన్నది అడిగేవారిని బట్టి మారుతుంది. హృదయం మీద తీవ్రంగా పనిచేసే గ్లైకోసైడ్లున్న మొక్క విషయంలో ఇది పేర్ల తగాదా మాత్రమే కాదు.

ఈ రెండు జాతులను గుర్తించడానికి మైటోకాండ్రియా సరైన పరికరం కాదు. అక్షరాలు మరీ నెమ్మదిగా మారే చోట అక్కచెల్లెళ్ళ తేడా దొరకడం అరుదు. వేగంగా మారే కేంద్రక రైబోజోమ్ అంతరాళాలు, హరితరేణువు జన్యువుల మధ్య ఖాళీలు ఈ పనికి తగినవి. వీటన్నిటినీ ఒకే ప్రయత్నంలో రాబట్టే మార్గాన్ని కూడా పాలమొక్కలే చూపాయి. కణంలోని మొత్తం డి.ఎన్.ఎ.ను లోతుగా కాక పైపైన చదివితే, ఎక్కువ ప్రతులుండే హరితరేణువు, మైటోకాండ్రియా, రైబోజోమ్ క్రమాలు సరిపడినంత దొరుకుతాయని 2012లో స్ట్రౌబ్ బృందం ఆస్క్లిపియాస్ మీదనే చూపింది. ఖర్చు తక్కువ, పాత హెర్బేరియం నమూనాలకూ పనికివస్తుంది. జిల్లేడు పాలు, జిగురు పదార్థాలు డి.ఎన్.ఎ.తో కలిసి వచ్చి ఇబ్బంది పెడతాయి కాబట్టి లేత ఆకును కోసిన వెంటనే సిలికా జెల్‌లో ఆరబెట్టడం మేలు.

పేరు విషయానికి వస్తే పాత హెర్బేరియం కాగితాల మీద ఆస్క్లిపియడేసీ అన్న ముద్రను కొట్టివేయనక్కరలేదు. ఉపకుటుంబం పేరును పక్కన చేర్చితే చాలు. వెర్రిపాలకు టైలోఫోరా బదులు విన్సిటాక్సికమ్ అన్న ప్రజాతినామం 2018 నుండి వాడుకలోకి వచ్చింది కాబట్టి అక్కడ రెండు పేర్లూ రాయాలి. తెలుగు పేరును, అది చెప్పిన ఊరిని రాక్స్‌బర్గ్ కాలంలోలాగే కాగితం మీద నమోదు చేయాలి. తిరువూరు ప్రాంతపు కట్లేరు ఒడ్డున గానీ రహదారి అంచున గానీ జిల్లేడు నమూనా సేకరించేవారు ఆకుతోపాటు విచ్చిన పువ్వును కూడా తప్పక నొక్కిపెట్టాలి. పూరేకు వాలిందో నిలబడిందో ఎండిన ఆకు చెప్పదు.